కాగితాల వెంట ముప్పై ఎనిమిదేళ్లు: కాలిన్ మెకంజీ కథ

డిగ్రీ లేదు. మన భాష ఒక్కటీ రాదు. మద్రాసులో ఓడ దిగేసరికి వయసు ముప్పైకి దగ్గర. అయినా దక్షిణ భారతంలో ఏ ఊరి చరిత్ర రాయాలన్నా ఈరోజుకీ ఆయన పోగు చేయించిన కాగితాల దగ్గరికే వెళ్లాలి. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన ఇంజనీరు కథ ఇది. ఆ ఇంజనీరు వెనక నిలబడిన మన ఏలూరు కుర్రాళ్ల కథ కూడా.

ముత్తుకూరు మండలంలో భూమి ఉన్న ఏ ఇంటికెళ్లినా ఒక ట్రంకు పెట్టె కనిపిస్తుంది. పాత దస్తావేజులు, శిస్తు రసీదులు, పాస్‌బుక్కు, తాతగారి వేలిముద్ర పడిన ఒప్పందం... అన్నీ అందులోనే. మామూలు రోజుల్లో దాని జోలికి ఎవరూ పోరు. పక్కన కృష్ణపట్నం పోర్టు, నేలటూరులో థర్మల్ ప్లాంటు ఉన్న ప్రాంతం కాబట్టి, భూసేకరణ అనే మాట వినపడితే మాత్రం మొదట తెరుచుకునేది ఆ పెట్టే. కాగితం మీద ఎవరి సంతకం ఉంది, ఏ తేదీ ఉంది, ముద్ర నిజమైనదేనా... అప్పుడు ఇంట్లో అందరూ చరిత్ర పరిశోధకులైపోతారు.

అమెరికాలో ఇదే పని హాబీగా చేసేవాళ్లున్నారు. ఆ దేశపు తొలి అధ్యక్షుల సంతకాలున్న ప్రభుత్వ పత్రాలను వెతికి, సరిచూసి, డబ్బు పెట్టి కొంటారు. జెఫర్సన్ అధ్యక్షుడిగా, మాడిసన్ విదేశాంగ మంత్రిగా ఇద్దరూ సంతకం చేసిన ఓడల పత్రాలంటే వాళ్లకు ప్రాణం. అందులో ఒక చిక్కుంది. 1833లో వచ్చిన చట్టం తర్వాత భూమి పట్టాల మీద అధ్యక్షుడి పేరు ఉన్నా, ఆ సంతకం పెట్టింది ఆయన తరఫున ఒక కార్యదర్శి. ఈ సంగతి తెలియనివాడు గుమస్తా సంతకాన్ని అధ్యక్షుడిదనుకుని కొనేస్తాడు. అంటే ఈ పనిలో ఇష్టం ఒక్కటే సరిపోదు, ఆఫీసు ఎలా నడిచేదో కూడా తెలియాలి.

సరిగ్గా జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లోనే మన దగ్గర ఒక మిలిటరీ ఇంజనీరు ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేయించాడు. ఆయన వెతికించింది ఒక్క దేశాధినేత సంతకం కాదు. పల్లవులు, చోళులు, చాళుక్యులు, కాకతీయులు, రాయలు, పాలెగాళ్లు, ఊరి కరణాలు... ఎవరు ఏ రాయి మీద, ఏ రేకు మీద, ఏ తాటాకు మీద ఏం రాయించినా అదంతా కావాలన్నాడు. ఆయనే కల్నల్ కాలిన్ మెకంజీ.

కస్టమ్స్ ఉద్యోగం వదిలి

మెకంజీ పుట్టింది 1754లో, స్కాట్లాండ్‌కు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు ఊళ్లో. చేపలు, ఓడలు, వాన, గాలి. కోస్తా ఊళ్లో పెరిగిన మనకు ఆ వాతావరణం ఊహించుకోవడం కష్టమేం కాదు. కుర్రాడిగా అక్కడే కస్టమ్స్ ఆఫీసులో ఉద్యోగంలో చేరాడు. ఇంటి దగ్గరే ఉద్యోగం, నెలనెలా జీతం. చాలామంది అక్కడితో సెటిలయ్యేవాళ్లే.

ఆయనకు మాత్రం లెక్కల మీద మోజు. లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ వంశానికి చెందిన ఒక ప్రభువు, తన పూర్వీకుడి జీవిత చరిత్ర రాయాలనుకుంటున్న రోజులవి. భారతీయులకు గణితంలో ఏం తెలుసో, వాళ్లు అంకెలను ఎలా వాడేవాళ్లో ఆయనకు సమాచారం కావాలి. ఆ పనిలో మెకంజీ సాయపడ్డాడు. అలా భారతదేశం మీద ఆసక్తి మొదలైంది. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా మద్రాసు వచ్చాడు. కేడెట్లుగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. ఈయనకు ఇరవై తొమ్మిది. ఇప్పటి భాషలో చెప్పాలంటే లేట్ ఫ్రెషర్ అన్నమాట. కొద్దికాలానికే ఇంజనీర్ల విభాగంలోకి మారాడు.

వచ్చిన కొత్తల్లో మదురై వెళ్లి, అక్కడి పండితులతో పరిచయం పెంచుకున్నాడు. ఈ దేశపు చరిత్ర, శాస్త్రాలు అన్నీ ఒకచోట చేర్చాలన్న ఆలోచన అక్కడే పుట్టింది.

పదమూడేళ్లు చేతిలో ఏమీ లేదు

సాధారణంగా విజయగాథల్లో ఆలోచన రాగానే మరుసటి పేరాలో ఫలితం వచ్చేస్తుంది. ఇక్కడ అలా జరగలేదు. 1783 నుంచి 1796 దాకా, పదమూడేళ్లపాటు మెకంజీ సేకరణ దాదాపు ముందుకు సాగలేదు. కోయంబత్తూరు, దిండిగల్ వైపు యుద్ధాలు. తర్వాత మద్రాసు, నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో ఇంజనీరు డ్యూటీ. 1790 నుంచి 1792 వరకు టిప్పు సుల్తాన్ మీద యుద్ధం. ఆ తర్వాత నిజాం రాజ్యంలో దారులు కొలిచి మ్యాపులు గీయడం. 1793లో పుదుచ్చేరి ముట్టడి, 1795లో శ్రీలంక దండయాత్ర.

అన్నిచోట్లా తిరిగాడు, అన్నీ చూశాడు. గుళ్ల గోడల మీద శాసనాలు కనిపిస్తున్నాయి, చదవడం రాదు. ఊళ్లలో కరణాల దగ్గర కట్టలకొద్దీ కవిలెలు ఉన్నాయని తెలుసు, అడగడం రాదు. స్థానిక భాషలు తనకు రాకపోవడమే పెద్ద లోటని తర్వాత ఆయనే రాసుకున్నాడు. బాస్‌కు స్కిల్ లేదు, ఉన్నది ప్రశ్న మాత్రమే. ఆ ప్రశ్నకు జవాబు తెచ్చే మనిషి 1796లో దొరికాడు.

ఏలూరు నుంచి వచ్చిన కుర్రాడు

కావలి వెంకట బొర్రయ్య 1776లో ఏలూరులో పుట్టాడు. కావలి అనేది ఇంటిపేరు, మన జిల్లాలో ఉన్న ఊరు కాదు. నియోగి కుటుంబం. తెలుగు, సంస్కృతం చదివాడు. ఇంగ్లిష్ నేర్చాడు. దానికి తోడు ఆ రోజుల్లో ఆఫీసు వ్యవహారాలన్నిటికీ అవసరమైన పార్శీ, హిందుస్తానీ కూడా పట్టుకున్నాడు. మెకంజీ దగ్గర చేరేసరికి ఇరవై ఏళ్లు. అంటే మనలో చాలామంది థర్డ్ ఇయర్ సెమిస్టర్ పరీక్షలు రాసే వయసు.

బొర్రయ్యను దుబాసీ అంటే సరిపోదు. దుబాసీ అంటే ఇటు మాట అటు చెప్పేవాడు. ఇతను ఆ పని దాటి చాలా దూరం వెళ్లాడు. ఏ ఊళ్లో ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, చెప్పిన దాంట్లో ఏది వినికిడి, ఏది రాతలో ఉంది... ఇదంతా తేల్చే పద్ధతి తయారుచేశాడు. అప్పటికి అక్కడి పండితులకు కూడా అంతుపట్టని హళెగన్నడ లిపిని, అంటే పాత కన్నడ అక్షరాలను, చదవగలిగాడు. ఆ కీలకం దొరికాక వందల శాసనాల తాళం తెరుచుకుంది. ముడిగెరెలో ఒక జైన పురోహితుడి దగ్గర సేకరించి అతను అనువదించిన జైనుల వృత్తాంతం కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రిక తొమ్మిదో సంపుటంలో అచ్చయింది. అనువాదకుడిగా బొర్రయ్య పేరు వేశారు.

ఆ పత్రిక చేతికొచ్చేనాటికి బొర్రయ్య లేడు. 1803లో, ఇరవై ఏడేళ్లకే చనిపోయాడు. భారతీయ విద్యల గుమ్మంలోకి తనను తీసుకెళ్లింది ఆ యువకుడేనని మెకంజీ పద్నాలుగేళ్ల తర్వాత కూడా ఒక ఉత్తరంలో గుర్తు చేసుకున్నాడు.

ఇక్కడో సంగతి గమనించండి. నేను మొదట పనిచేసిన ఒక చిన్న కంపెనీలో ఒక సీనియర్ మానేస్తే, అతను రాసిన కోడ్ ఎవరికీ అర్థంకాక మూడు నెలలు ప్రాజెక్టు ఆగిపోయింది. బొర్రయ్య పోయినప్పుడు అలా జరగలేదు. తమ్ముడు లక్ష్మయ్య వెంటనే ఆ బాధ్యత తీసుకున్నాడు. ఇంకో తమ్ముడు రామస్వామి కూడా చేరాడు. బొర్రయ్య పనిని తన తలలో దాచుకోలేదు, పక్కవాళ్లకు నేర్పించి పోయాడు. అందుకే సంస్థ నిలబడింది.

మైసూరు సర్వే: కొలతతో పాటు కథ

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు చనిపోయాడు. ఆ ముట్టడిలో మెకంజీ ఇంజనీరుగా ఉన్నాడు. గెలిచిన రాజ్యం ఎంత ఉందో, అందులో ఏముందో కంపెనీకి తెలియాలి. మైసూరు సర్వే బాధ్యత ఆయనకు అప్పగించారు. సుమారు 40 వేల చదరపు మైళ్లు. పూర్తయ్యేసరికి దాదాపు పదేళ్లు పట్టింది.

అదే సమయంలో, 1802 ఏప్రిల్‌లో, విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బేస్‌లైన్ కొలిచి, తర్వాత గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వేగా పేరుపడ్డ పని మొదలుపెట్టాడు. లాంబ్టన్‌కు కావలసింది భూమి ఆకారం. త్రిభుజాలు, కోణాలు, అంగుళాల తేడా. మెకంజీకి భూమితో పాటు దాని మీద బతికే మనుషుల వివరం కూడా కావాలి. ఊళ్లు, చెరువులు, కాలవలు, పంటలు, గుళ్లు, కోటలు, ఆ ఊరు ఎవరు కట్టారు, ఎవరి పాలనలోంచి ఎవరి పాలనలోకి మారింది. ఇప్పటి జీఐఎస్ చదివినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది: ఒకాయన మ్యాప్ గీశాడు, ఇంకొకాయన ఆ మ్యాప్ మీద ప్రతి పాయింటుకూ సమాచారం అతికించాడు.

పని సాఫీగా సాగలేదు. ఖర్చు ఎక్కువైందని పైవాళ్లు జీతంలో, సిబ్బందిలో కోత పెట్టారు. అడవి జ్వరాలు సర్వే బృందాన్ని వరసగా మంచాన పడేశాయి. సర్వేయర్లు చాలలేదు. అప్పుడు పనికొచ్చినవాళ్లు మద్రాసులో 1794లో మొదలైన సర్వే స్కూలు పిల్లలు. అనాథాశ్రమం నుంచి వచ్చిన కుర్రాళ్లకు అక్కడ కొలతలు, లెక్కలు నేర్పి, అప్రెంటిస్‌లుగా ఫీల్డుకు పంపేవాళ్లు. చేతిలో ప్లేన్ టేబుల్, మెడలో గొలుసు, కాలికింద ముళ్లు. దక్షిణ భారతపు మొదటి వివరమైన మ్యాపుల్లో ఆ పిల్లల చెమట ఉంది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ సర్వే కంపెనీ కోసం. ఎక్కడ ఎంత శిస్తు వసూలు చేయొచ్చు, సైన్యం ఏ దారిన వెళ్లొచ్చు, ఏ ఇనాము నిజమైనది... ఇవన్నీ పాలించేవాడికి కావలసిన లెక్కలు. శాసనాలు, కథలు సేకరించే పని మాత్రం చాలా ఏళ్లు మెకంజీ సొంత ఖర్చు. సహాయకుల జీతాల్లో చాలా భాగం ఆయన జేబులోంచే వెళ్లింది.

కరణం పెట్టె ఎలా తెరిపించారు?

ఊరికి లక్ష్మయ్య పంపిన మనిషి వస్తాడు. ముందుగా పెద్దమనుషుల్ని కలుస్తాడు. మీ ఊరికి ఈ పేరు ఎలా వచ్చింది, గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరెవరికి ఉన్నాయి అని అడుగుతాడు. తర్వాత కరణం దగ్గరున్న కవిలె చూపించమంటాడు. కవిలె అంటే ఊరి లెక్కల పుస్తకం. తాటాకుల మీదో, మసి పూసిన గుడ్డ మడతల మీదో తరతరాలుగా రాసుకుంటూ వచ్చిన రికార్డు. దాన్ని చూసి, పెద్దలు చెప్పింది కలిపి, ఆ ఊరి వృత్తాంతం రాస్తారు. అదే కైఫీయత్తు.

చెప్పినంత తేలిక కాదు. కంపెనీ మనిషి వచ్చి పాత లెక్కలు అడుగుతున్నాడంటే ఊరికి రెండే అనుమానాలు: శిస్తు పెంచుతారా, ఇనాము లాక్కుంటారా? కొందరు కవిలెలు లేవన్నారు, కాలిపోయాయన్నారు, ఏనుగెక్కిన పాలెగాడి మనవడు అసలు మాట్లాడనన్నాడు. సహాయకులు రోజులకొద్దీ అక్కడే మకాం వేసి, నమ్మకం సంపాదించి, అప్పుడు రాసుకునేవాళ్లు. నారాయణరావు, నిట్టల నాయన, ఆనందరావు, జైనుడైన ధర్మయ్య... ఒక్కొక్కరిదీ ఒక్కో ప్రాంతం. ప్రతి నెలా ఎక్కడ తిరిగారు, ఏం దొరికింది, ఏం దొరకలేదు అని రిపోర్టు పంపాలి. లక్ష్మయ్య వాటన్నిటినీ చూసి, విభజించి, మెకంజీకి అందించేవాడు. ప్రాజెక్ట్ మేనేజర్ అనే పదం అప్పటికి లేదు గానీ ఉద్యోగం మాత్రం అదే.

సంతకం ఎవరిది?

ఈ మొత్తం సేకరణలో అందరినీ ఊరించేవి రాగి శాసనాలు. రాజు ఎవరికైనా భూమి దానం చేస్తే రాగి రేకుల మీద చెక్కించి ఇచ్చేవాడు. రేకులన్నిటికీ ఒక పక్క చిల్లు, అందులో రాగి కడియం, కడియం అతుకు మీద రాజముద్ర. ముద్ర పగిలితే రేకులు మార్చారని అనుమానం. ఇప్పటి డిజిటల్ సిగ్నేచర్ చేసే పనీ ఇదే: పత్రం ఎవరిదో చెప్పడం, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేదని చూపడం.

వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల ముద్ర మీద వరాహం బొమ్మ, శ్రీ త్రిభువనాంకుశ అనే బిరుదు కనిపిస్తాయి. విజయనగర రాజుల రేకులది ఇంకో తీరు. మొత్తం సంస్కృతంలో, నందినాగరి లిపిలో ఉంటుంది. చివర్లో మాత్రం తెలుగు-కన్నడ అక్షరాల్లో పెద్దగా శ్రీ విరూపాక్ష అని ఉంటుంది. అది రాజు సంతకం. తన పేరు కాదు, కులదైవం పేరు. తర్వాత వచ్చిన ఆరవీటి రాజులు ఆ చోట శ్రీ వేంకటేశ అని పెట్టారు. రాజులు మారినా చాలాకాలం సంతకం మారలేదు, సంతకం మారిందంటే రాజ్యం మొగ్గు ఎటు తిరిగిందో అర్థమవుతుంది. ఒక్క పదంతో ఇంత చరిత్ర.

అందుకే ఇందులో దొంగ శాసనాలూ పుట్టాయి. మాన్యం మాదేనని చూపించుకోవడానికి తర్వాతి కాలంలో పాత రాజు పేరు మీద రేకులు చెక్కించుకున్నవాళ్లున్నారు. లిపి ఆ కాలానిదేనా, తిథి, వారం, గ్రహణం లెక్క కుదురుతుందా, సంతకం ఆ వంశానిదేనా అని చూస్తే బండారం బయటపడుతుంది. మెకంజీ బృందం ఈ పరీక్షలన్నీ చేసిందని కాదు. కానీ దొరికింది దొరికినట్టు, ఎక్కడ దొరికిందో రాసి పెట్టింది. తర్వాతి తరాల వాళ్లు సరిచూసుకోగలిగింది అందువల్లే.

అమరావతి చెప్పిన పాఠం

1798 ప్రాంతంలో మెకంజీ కృష్ణ ఒడ్డున అమరావతికి వెళ్లాడు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త రాజధాని కట్టిస్తున్న రోజులవి. రాళ్ల కోసం దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వుతుంటే చెక్కిన పాలరాయి పలకలు బయటపడ్డాయి. అది బౌద్ధ స్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. చూశాడు, నోట్సు రాసుకున్నాడు, వ్యాసం అచ్చు వేశాడు.

మళ్లీ పూర్తి బృందంతో వెళ్లింది 1816లో. ఈ మధ్యలో చాలా పలకలు గోడల్లోకి, మెట్లలోకి, సున్నపు బట్టీల్లోకి పోయాయి. మిగిలినవాటిని డ్రాఫ్ట్‌మెన్ చేత కొలిపించి, ఎనభైకి పైగా బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లో ఉన్న కొన్ని పలకలు ఇప్పుడు లోకంలో ఎక్కడా లేవు. ఆ కాగితమే మిగిలింది. మిగతా శిల్పాల్లో ఎక్కువ భాగం చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియానికో, లండన్ బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి. రేపు చేద్దాంలే అనుకున్న డాక్యుమెంటేషన్ ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

పెద్ద కుర్చీ, చివరి రోజులు

1810లో మద్రాసు సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1811లో జావా దండయాత్రకు వెళ్లి రెండేళ్లు అక్కడే ఉన్నాడు. అక్కడా మానలేదు, శిథిల దేవాలయాలు చూశాడు, డచ్చి వాళ్ల కాగితాలు పోగేశాడు. యాభై దాటాక పెళ్లి చేసుకున్నదీ అక్కడే. 1815లో మద్రాసు, బెంగాల్, బొంబాయి సర్వే పదవులన్నీ కలిపి ఒక్కటి చేసి, భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్‌గా ఆయన్ని నియమించారు. ఈరోజు సర్వే ఆఫ్ ఇండియా అధిపతి కూర్చునే కుర్చీ అదే.

1816లో థామస్ హికీ గీసిన మెకంజీ చిత్రపటం ఒకటుంది. ఎర్ర కోటు వేసుకున్న ఆఫీసరు పక్కన ముగ్గురు భారతీయ సహాయకులు. ఒకరి చేతిలో తాటాకు గ్రంథం, ఇంకొకరి చేతిలో దుర్బీను. వెనక కొండ మీద జైన విగ్రహం. అంత పెద్ద అధికారి తన ఒక్కడి బొమ్మ గీయించుకోవచ్చు. టీమ్‌తో నిలబడ్డాడు.

1817లో కలకత్తా వెళ్లాడు. లక్ష్మయ్య, ఇంకొందరు సహాయకులు ఇల్లూ వాకిలీ వదిలి వెంట వెళ్లారు. సేకరణకు ఒక వివరమైన కేటలాగు తయారుచేయాలని మెకంజీ కోరిక. అది తీరలేదు. 1821 మే 8న హుగ్లీ నది మీద ప్రయాణంలో చనిపోయాడు. స్టోర్నోవేకు మళ్లీ వెళ్లనే లేదు. కలకత్తా సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో సమాధి ఉంది.

ఆయన భార్య దగ్గర్నుంచి కంపెనీ సేకరణను కొనేసింది. హెచ్.హెచ్. విల్సన్ 1828లో కేటలాగు వేశాడు. ఆ లెక్క చూడండి: 1,568 గ్రంథాల ప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్లు, 2,159 అనువాదాలు, 79 ప్లాన్లు, 2,630 బొమ్మలు, 6,218 నాణేలు, 106 విగ్రహాలు. సగటు తీస్తే శాసనాల నకళ్లే నెలకు ఇరవైకి పైగా, ముప్పై ఏళ్లపాటు ఆగకుండా చేసినట్టు.

లక్ష్మయ్య దరఖాస్తు

ఇక్కడితో ఆపేస్తే ఇది హాయిగా ముగిసే కథ. కానీ అసలు పరీక్ష తర్వాత వచ్చింది.

బాస్ పోయాడు. సేకరణలో ఏ కట్టలో ఏముందో పూర్తిగా తెలిసిన మనిషి లక్ష్మయ్య ఒక్కడే. దాదాపు పాతికేళ్ల అనుభవం. ఆగిపోయిన పనిని తాను కొనసాగిస్తానని ముందుకొచ్చాడు. ఇన్ని జిల్లాల్లో ఇంకా చూడని ఊళ్లున్నాయని, మనుషులు సిద్ధంగా ఉన్నారని పథకం ఇచ్చాడు. మద్రాసులో భారతీయులతోనే ఒక సాహిత్య సంఘం నడిపించి అయినా పని సాగించాలని చూశాడు.

1830ల్లో ఆయన ప్రతిపాదన కలకత్తా ఆసియాటిక్ సొసైటీ దాకా వెళ్లింది. అక్కడ అభిప్రాయం చెప్పింది జేమ్స్ ప్రిన్సెప్. బ్రాహ్మీ లిపి చదివి అశోకుడి శాసనాలకు గొంతు ఇచ్చిన మహా మేధావి. ఆయన తేల్చిందేమిటంటే ఇంత పెద్ద పనికి విడి వివరాల్లోంచి సిద్ధాంతం తీయగల బుర్ర కావాలి, లక్ష్మయ్యకే కాదు, ఏ భారతీయుడికీ ఆ అర్హత ఉందనలేమని. పని విలియం టేలర్ అనే మత ప్రచారకుడికి వెళ్లింది.

ఇంటర్వ్యూలో కళ్లముందే వేరేవాళ్లకు వెళ్లిపోయిన ఉద్యోగం మనలో చాలామందికి అనుభవమే. లక్ష్మయ్యకు జరిగింది దానికన్నా బరువైనది. అర్హత తూచే త్రాసులోనే తేడా. నిజానికి ప్రిన్సెప్ గొప్పతనం చిన్నది కాదు, కానీ ఆ తీర్పు మాత్రం తప్పు. హళెగన్నడ లిపి విప్పిన ఇరవై ఏళ్ల కుర్రాడు అదే ఇంటి పిల్లాడని రికార్డులోనే ఉంది. తమ్ముడు రామస్వామి 1829లోనే దక్కన్ కవుల జీవిత చరిత్రలు ఇంగ్లిష్‌లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఎవరి తీర్పు కోసమూ ఆగకుండా చేసిన పని అది. అది ఇప్పటికీ నిలిచి ఉంది.

కాగితాలు ఏమయ్యాయి?

కొంత లండన్ చేరింది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దక్షిణాది భాషల రాతప్రతులు చాలావరకు మద్రాసు వచ్చి, ఇప్పుడు అక్కడి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కైఫీయత్తులు రాసిన కాగితం నాసిరకం, సిరా వెలిసిపోతోంది, పురుగు పడుతోంది. టేలర్ కొన్నిటిని తిరగరాయించాడు. మన తెలుగువాళ్లు దేవుడిలా చూసుకునే సి.పి. బ్రౌన్ కూడా వీటికి నకళ్లు రాయించి పెట్టాడు. ఆ నకళ్ల పుణ్యమా అని మన ఊళ్ల కథలు చాలా బతికాయి. కడపలో బ్రౌన్ పేరు మీదున్న గ్రంథాలయం ఆ జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చు వేసింది.

మన నెల్లూరు జిల్లాకు ఇంకో అదృష్టం. 1905లో అలన్ బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా రాగి, రాతి శాసనాలన్నిటినీ తాలూకాల వారీగా మూడు భాగాల్లో ప్రచురించారు. జిల్లా స్థాయిలో అంత పెద్ద శాసన సంపుటాలు అప్పట్లో అరుదు. ముత్తుకూరులో ఉంటూ చుట్టుపక్కల గుళ్ల శాసనాల గురించి తెలుసుకోవాలనుకుంటే అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

మనకేంటి ఇందులో?

ఉద్యోగం దృష్టితో చూద్దాం. మెకంజీ చేసిన పని ఇప్పుడు మూడు నాలుగు రంగాలుగా విడిపోయింది. సర్వే ఒకటి. 2019లో మన రాష్ట్రంలో సచివాలయాలకు గ్రామ సర్వేయర్లను తీసుకున్నారు, తర్వాత రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. సివిల్, జియోఇన్ఫర్మాటిక్స్ చదివినవాళ్లకు ఇది తెలిసిన దారే. రెండోది శాసనాల చదువు. పురావస్తు సర్వే సంస్థ శాసన విభాగం మైసూరులో ఉంది. పురావస్తు శాస్త్రంలో పీజీ డిప్లొమా గ్రేటర్ నోయిడాలోని ఆ సంస్థ ఇన్‌స్టిట్యూట్‌లో చదవొచ్చు. మూడోది రికార్డుల భద్రత. ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారం నడిపే స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఈ పనిలో కోర్సులు నడుపుతుంది. నాలుగోది మన కంప్యూటర్ వాళ్లది: పాత చేతిరాతను, తాటాకు మీది గొలుసుకట్టు తెలుగును యంత్రం చేత చదివించడం. ఇంగ్లిష్ చేతిరాతకు జరిగినంత పని తెలుగుకు ఇంకా జరగలేదు. మంచి డేటాసెట్ తయారుచేసినవాడిదే ముందడుగు. ప్రాజెక్టు టాపిక్ కోసం వెతుకుతున్న ఫైనల్ ఇయర్ వాళ్లు ఒకసారి ఆలోచించండి.

సొంతంగా సేకరించాలనుకుంటే చట్టం తెలిసి ఉండాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం, విగ్రహం, శాసనం, డెబ్బై ఐదేళ్లు దాటిన విలువైన రాతప్రతి పురావస్తువులే. అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. పొలం దున్నుతుంటే రాగి రేకులు బయటపడితే 1878 నాటి నిధి చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాలి. కరిగించి అమ్మితే వచ్చేది రాగి ధర, పోయేది ఒక ఊరి చరిత్ర.

డబ్బు పెట్టకుండా, చట్టం అడ్డు రాకుండా చేయగలిగింది ఒకటుంది. మీ ఊళ్లో గుడి శాసనమో, పాత దస్తావేజో కనిపిస్తే వెలుతురు పక్క నుంచి పడేలా ఫొటో తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. సున్నం గీకొద్దు, పొడి రుద్దొద్దు. ఫొటోకు నాలుగు సంగతులు జత చేయండి: ఎక్కడ ఉంది, ఎప్పుడు తీశారు, ఎవరి ఆధీనంలో ఉంది, ఎవరు చూపించారు. ఈ నాలుగూ లేని ఫొటో ఫోన్‌లో ఇంకో ఫార్వర్డ్ మాత్రమే.

నాలుగో సంగతిని అసలు వదలొద్దు. మెకంజీ పేరు మీద ఉన్న వేల కాగితాల్లో బొర్రయ్య, లక్ష్మయ్య, నారాయణరావు, ధర్మయ్యల పేర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయంటే, ఆ రోజు ఎవరో ప్రతి రిపోర్టు కింద పంపినవాడి పేరు, తేదీ వేయించారు కాబట్టే.